పెరటికి తగిన చెట్టు

తొలకరి పడగానే మొక్క నాటాలనిపిస్తుంది. హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం కాలనీల్లో చాలా ఇళ్లకు గోడకూ ప్రహరీకీ మధ్య ఉండేది నాలుగైదు అడుగుల జాగానే. సంపు, డ్రైనేజీ పైపు కూడా అందులోనే. అక్కడ రావి, మర్రి పెడితే వేళ్లు పునాదిలోకి, సంపులోకి చొరబడతాయి. మునగ త్వరగా కాస్తుంది, కానీ కొమ్మ పెళుసు. గాలివానకు విరిగి కరెంటు తీగల మీద పడుతుంది.

ఇరుకు జాగాకు కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, పారిజాతం నప్పుతాయి. కాస్త చోటుంటే జామ పెట్టండి. వేప, మామిడి మాత్రం గోడకు కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలి.

మొరం నేలైతే 2 అడుగుల గుంత తవ్వి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. నాటేముందు తలెత్తి తీగలు చూడండి, పైపు ఎటు పోతుందో తెలుసుకోండి. పదేళ్ల తర్వాత నరకాల్సిన అవసరం రానిదే మీ ఇంటికి తగిన చెట్టు.