బాలబాలికలకు సర్వమత పరిచయం – ఆలయ కర్తవ్యం

(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



శిఖర కలశాలకు అభిషేకం జరిగింది. గర్భాలయంలో స్వామి పునఃప్రతిష్ఠితుడైనాడు. రాతికట్టడానికి చేయవలసిన సేవ మనం చేశాం. ఈ గుడిని రేపు నిలబెట్టవలసిన పిల్లలకు చేయవలసిన సేవ ఒకటి మిగిలి ఉంది. మన ధర్మాన్ని నేర్పడంతో పాటు, లోకంలోని ఇతర మతాలను గూర్చి వారికి సత్యంగా, గౌరవంగా తెలియజెప్పాలన్నది నా విన్నపం.

దేవాలయంలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. పసివాడి ప్రశ్న ఆగదు. “వాళ్ళు విగ్రహానికి ఎందుకు మొక్కరు? నెల్లాళ్ళు ఉపవాసం ఎందుకుంటారు?” అని అడుగుతాడు. పెద్దలు విసుక్కొన్నా, వెక్కిరించినా ఆ ప్రశ్న వీధిలోకి పోతుంది; నేడైతే చేతిలోని సెల్‌ఫోనులోకి పోతుంది. అక్కడ దొరికే జవాబు చాలాసార్లు ద్వేషంతో కూడినదే. భక్తుల ఇంట పెరిగిన బిడ్డ నోట ద్వేషం పలికితే, ఆ లోపం ఆ బిడ్డది కాదు, మనది.

ఈ విద్యకు దూరదేశాల గ్రంథాలతో ఆరంభించనక్కరలేదు. మన బడిలోని హాజరుపట్టీ చాలు. పాలకుర్తి సోమేశ్వరుని పేర సోమయ్య, కురవి వీరభద్రస్వామి పేర వీరన్న, మేడారం తల్లుల పేర సమ్మయ్య, సారక్క అందులో కనిపిస్తారు. వారి పక్కనే యాకయ్య, యాకమ్మ ఉంటారు. పర్వతగిరి మండలంలోని అన్నారం షరీఫ్ దర్గాలో మొక్కుకొని, యాకూబ్ బాబా పేర బిడ్డలకు ఆ పేర్లు పెట్టుకొన్న హిందూ కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఒక ముస్లిం మహనీయుని నామం మన ఇళ్ళలో పిలుపు పేరైంది. “నీ పేరు ఎక్కడిది?” అన్న ఒక్క ప్రశ్నతో పాఠం మొదలవుతుంది.

మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌ను చూపించండి. 1912లో అక్కడి క్రైస్తవ మండలానికి అధిపతిగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి నందుకొన్న తొలి భారతీయుడు. 1939లో ప్రతిష్ఠితమైన అక్కడి దేవాలయంలో మసీదులను తలపించే గుమ్మటాలు, మన మండపాలను తలపించే స్తంభాలు కలిసి నిలిచాయి. తన విశ్వాసాన్ని ఈ నేల శిల్పంలోనే పలికించాలన్న సంకల్పం ఆ కట్టడంలో కనిపిస్తుంది.

జనగామకు సమీపాన, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో కొలనుపాక ఉంది. జైనులకు అది మాణిక్యదేవుడు వెలసిన తీర్థం; వీరశైవులకు రేణుకాచార్యులు ఆవిర్భవించిన సోమేశ్వర క్షేత్రం. ఇక్కడ ఒక నిజం దాచరాదు. శైవ జైనాల మధ్య ఒకనాడు తీవ్రమైన కలహం నడిచింది. మన పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోనే దాని వేడి వినిపిస్తుంది. సోమనాథుని గౌరవిస్తూనే ఈ మాట పిల్లలకు చెప్పాలి. కలహాన్ని దాచి చెప్పిన సామరస్యం పెద్దతరగతిలో ఒక్క చరిత్ర పుస్తకం తెరవగానే చెదిరిపోతుంది.

పరమతాలను గూర్చి చెబితే పిల్లలు స్వధర్మాన్ని విడుస్తారేమోనన్న భయం కొందరిది. పాలకుర్తికి చేరువలోనే బమ్మెర ఉంది. శైవ వైష్ణవాలు తలపడిన ఆ కాలంలో, శివభక్తుల ఇంట పుట్టిన పోతన, తాను మహేశ్వర ధ్యానంలో ఉండగా శ్రీరామచంద్రుడు సాక్షాత్కరించి భాగవతం తెనిగించమన్నాడని చెప్పుకొన్నాడు. విష్ణుకథ వ్రాసినందువల్ల ఆయన శివభక్తికి లోటు రాలేదు. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన వివేకానందస్వామి, అదే ఏడు సెప్టెంబరులో చికాగో సర్వమత మహాసభలో నిలిచారు. స్వధర్మంలో గట్టిగా నిలిచినవానికే పరధర్మాన్ని నిర్భయంగా వినే శక్తి ఉంటుంది. వేరు లోతుగా దిగిన చెట్టు గాలికి వెరవదు.

ఇందుకు చట్టం కూడా అడ్డు కాదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలలో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. మతబోధన వేరు, మతాలను గూర్చిన విద్య వేరు అని 1964–66 నాటి కొఠారీ కమిషన్ వివరించింది. సర్వోన్నత న్యాయస్థానం 2002లో ఈ భేదాన్ని అంగీకరించింది. బడి చేయగలిగినది బడి చేయాలి. ఇల్లు, గుడి చేయవలసినది వేరే ఉంది.

చెప్పే విధానంలో మూడు నియమాలు పాటించాలి. మనం చెప్పే మాట, ఆ మతస్థుడు పక్కన కూర్చొని విన్నా ఔననేట్లుండాలి. మన ఆదర్శాన్ని, ఎదుటివారి ఆచరణలోని లోపాన్ని ఒకే త్రాసులో తూచరాదు. అన్నీ ఒక్కటేనని తేల్చివేయనూరాదు. మనం పునర్జన్మను నమ్ముతాం; క్రైస్తవులు యేసు పునరుత్థానాన్ని విశ్వసిస్తారు. ఇస్లాంలో విగ్రహారాధన లేదు. జైన బౌద్ధాలు సృష్టికర్తను అంగీకరించవు. సిక్కులు గురుగ్రంథ సాహిబ్‌నే గురువుగా కొలుస్తారు. ఈ భేదాలను చెరిపివేయడం గౌరవం కాదు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై కాలేశ్వర, ముక్తేశ్వర లింగాలు రెండున్నాయి. ఒకటి మరొకదానిలో కలిసిపోలేదు. ఒకటి మరొకదానిని తోసివేయలేదు.

చిన్నవారికి పండుగలు, పలకరింపులు, ఇతరుల ప్రార్థనాస్థలాలలో మెలగవలసిన తీరు చెప్పవచ్చు. పదేండ్లు దాటినవారికి గురువుల, ప్రవక్తల జీవితాలు చెప్పాలి. పై తరగతులవారితో సిద్ధాంత భేదాలు, చరిత్రలోని కలహాలు చర్చించాలి.

దాతలారా! మీ ద్రవ్యంతో నిర్మితమైన ఈ మండపంలో ఆదివారం ఒక గంట పిల్లలకు కేటాయించండి. స్తోత్రాలు, పురాణకథలు నేర్పండి. నెలకొకసారి పొరుగువారి మతాన్ని గూర్చి తెలిసినవారిచే చెప్పించండి. ఇందుకు వేరుగా నిధి అక్కరలేదు. ఒక చాప, ఓర్పుగల ఒక పెద్ద చాలు. యాకయ్య పేరు వెనుక ఉన్న కథ తెలిసిన పిల్లవాడు, రేపు ఎవరు రెచ్చగొట్టినా పొరుగింటిపై రాయి విసరడు.

స్వామి కృప మన బిడ్డలందరిపై, మన పొరుగువారి బిడ్డలందరిపై ప్రసరించుగాక. స్వస్తి.