పందుల పాకలలో పనివారి ఆరోగ్యము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చదివిన ప్రసంగ పాఠము)



పందుల పెంపకము మనలో కొందరికి తరతరములుగా జీవనోపాధి. ఆ పనిని చులకనగా చూచుట తగదు. అందలి అపాయములను తెలిసికొనకుండుటయు తగదు.

మలేషియా దేశమున 1998 సెప్టెంబరులో ఇపో పట్టణ ప్రాంతమున పందుల పాకలలోని పనివారికి తీవ్రమైన జ్వరము, తలనొప్పి, మగత కలిగి పలువురు మరణించిరి. అది దోమలవలన వచ్చు జపాను మెదడువాపు జ్వరమని మొదట తలచిరి. టీకాలు వేసిరి, దోమల మందు చల్లిరి. వ్యాధి ఆగలేదు. జపాను జ్వరము ఎక్కువగా పిల్లలకు సోకును. ఇచ్చట పడిపోయినవారు పెక్కుమంది పందులతో మెలగెడి వయోజనులు. ఈ భేదమే కొందరు వైద్యులను ఆలోచింపజేసెను. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయమున డాక్టరు చువా కా బింగ్ ఒక క్రొత్త వైరసును కనుగొనిరి. సుంగై నిపా గ్రామమును బట్టి దానికి నిపా అని పేరు వచ్చెను. పండ్లు తినెడి గబ్బిలములనుండి పందులకు, పందులనుండి మనుష్యులకు అది చేరినది. 265 మంది జబ్బుపడగా 105 మంది మరణించిరి. పది లక్షల పందులను చంపవలసివచ్చెను.

జపాను జ్వరము మాత్రము మనకు దూరపు మాట కాదు. భారతదేశమున అది మొదట 1955లో మన పొరుగునున్న వెల్లూరు ప్రాంతముననే గుర్తింపబడెను. వరిమళ్ల నీటిలో పెరుగు దోమలు పందులను కుట్టి, పిదప మనుష్యులను కుట్టుటచే అది వ్యాపించును. కావున పాకలు ఇండ్లకు దూరముగా నుండవలెను. పిల్లలను దోమతెరలో నిదురపుచ్చవలెను. ప్రభుత్వము టీకా వేయుచోట తప్పక వేయింపవలెను.

పాకలో పనిచేయువారు రబ్బరు బూట్లు తొడుగుకొని, గాయములుండిన కప్పుకొని దిగవలెను. పని ముగిసినంతనే సబ్బుతో కడుగుకొని, బట్టలు మార్చుకొని, ఆ తరువాతనే బిడ్డల నెత్తుకొనవలెను. మూసియున్న పేడగుంటలో విషవాయువు పేరుకొనును. అందు పడిన ఒకనిని రక్షింపబోయి మరియొకడు ప్రాణము కోల్పోవుట కలదు. అట్టి గుంటలోనికి ఎవ్వరును తొందరపడి దిగరాదు.

చివరగా ఒక్క మనవి. జ్వరము వచ్చినపుడు, చేయు పని యేదో వైద్యునికి సిగ్గుపడక చెప్పుడు. మలేషియాలో జబ్బు గుట్టు విప్పినది రోగుల వృత్తియే గదా! ఆస్పత్రిలో అరవమున చెప్పుట మీకు కష్టమైనచో మీ బిడ్డను వెంట తీసికొనిపొండు. రెండు భాషలు నేర్చిన బిడ్డ ఇంటికి చేయగల సేవలలో ఇదియు నొకటి.