మడకు నీళ్లదారి

(తీరప్రాంత గ్రామాల కొత్త చదువరుల సభలో చేసిన ప్రసంగం)



సముద్రం ఒడ్డున బతికేవాళ్లకు మడ చెట్టు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చెట్టే. దాని కొమ్మలు తెచ్చి పొయ్యి వెలిగించినవాళ్లు ఇక్కడ ఉన్నారు. దాని వేళ్ల సందున మండపీతలు పట్టినవాళ్లు ఉన్నారు. తిల్లపాలు కంట్లో పడి మంటతో అల్లాడినవాళ్లు కూడా ఉండే ఉంటారు.

అయినా తెలిసిన చెట్టులోనే తెలియని సంగతులు కొన్ని ఉంటాయి. ఒక చోట మడ విత్తనం దానంతట అదే పడి మొలుస్తుంది. ఇంకో చోట వెయ్యి మొక్కలు తెచ్చి నాటినా ఒక్కటీ బతకదు. కొన్ని చోట్ల అడవిని నరికి ఇరవై ముప్పై ఏళ్లయినా నేల బోడిగానే ఉంటుంది. ఎందుకని? ఆ జవాబు తెలిస్తే మడను ఎట్లా బతికించుకోవాలో కూడా తెలుస్తుంది. ఇవాళ్టి మాట అదే.

మడ ఎక్కడ పెరుగుతుంది?

నది వచ్చి సముద్రంలో కలిసే చోట మడ పెరుగుతుంది. అక్కడ మంచినీరూ ఉప్పునీరూ కలుస్తాయి. నది తెచ్చిన మెత్తటి ఒండ్రు ఉంటుంది. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి నేలను తడుపుతుంది. రెండుసార్లు ఆటు వచ్చి నీళ్లను లాక్కుపోతుంది. అట్లాంటి బురదే మడకు ఇష్టం.

ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే చోట ఈ అడవులు ఎక్కువ. కాకినాడ దగ్గర కోరంగి అడవి అందరికీ తెలుసు. దాన్ని 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. కృష్ణా తీరంలోని మడ అడవికి 1989లో ఆ రక్షణ వచ్చింది. కోరంగిలో నీటికుక్కలు, బావురు పిల్లులు కూడా ఉన్నాయి.

దేశంలోని అడవులను ప్రభుత్వ సంస్థ ఒకటి ఉపగ్రహ చిత్రాలతో కొలుస్తుంది. 2021 నివేదిక లెక్క ప్రకారం దేశం మొత్తం మీద మడ అడవి 4,992 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 405 చదరపు కిలోమీటర్లు. ఇంత పొడవు తీరం ఉన్న రాష్ట్రానికి ఇది ఎక్కువేమీ కాదు.

ఉప్పులో చెట్టు ఎట్లా బతుకుతుంది?

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీళ్లు మామిడి చెట్టుకు పోస్తే ఎండిపోతుంది. మడ మాత్రం బతుకుతుంది. దానికి తగ్గ ఏర్పాట్లు దానికి ఉన్నాయి.

తెల్లమడ ఆకును ఎండపూట తీసి నాలుకకు తాకించి చూడండి. ఉప్పగా ఉంటుంది. వేరు పీల్చిన నీళ్లలోని ఉప్పును ఆ చెట్టు ఆకుల ద్వారా బయటికి పంపేస్తుంది.

బురదలో గాలి ఉండదు. వేళ్లకు గాలి కావాలి. అందుకే మడ తన వేళ్లను పైకి పంపుతుంది. చెట్టు చుట్టూ మేకులు పాతినట్టు నిలబడి కనిపించేవి అవే. వాటిని ఊపిరి వేళ్లు అంటారు. వాటి మీద సన్నటి రంధ్రాలు ఉంటాయి. ఆటు సమయంలో వాటి గుండా గాలి లోపలికి పోతుంది.

పొన్న చెట్టుది ఇంకో పద్ధతి. దాని విత్తనం చెట్టు మీదే మొలకెత్తుతుంది. మునక్కాయలాగా కిందికి వేలాడుతుంది. బాగా పెరిగాక రాలి బురదలో నాటుకుంటుంది. లేకపోతే నీళ్లలో తేలుకుంటూ పోయి ఇంకో చోట పాతుకుంటుంది. తల్లి బిడ్డను పెంచి అత్తవారింటికి పంపినట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

వలలో పడే చేప ఎక్కడ పెరిగింది?

మడ ఆకు రాలి నీళ్లలో పడుతుంది. కుళ్లుతుంది. ఆ కుళ్లిన ఆకును కంటికి కనపడని జీవులు తింటాయి. వాటిని రొయ్యపిల్లలు, చేపపిల్లలు తింటాయి. పీతలు ఆకునే తింటాయి. పెద్ద చేప వేళ్ల సందుల్లోకి దూరలేదు. అందుకని పిల్లలకు అక్కడ భయం తక్కువ.

రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. చిన్న పిల్లలు పోటుతో పాటు ఉప్పుటేరుల్లోకి వస్తాయి. మడ నీడలో పెరిగి మళ్లీ సముద్రానికి పోతాయి. మండపీతది దీనికి ఎదురు. అది మడలో బతుకుతుంది, గుడ్లు వదలడానికి సముద్రానికి పోతుంది. పండుగప్ప పిల్లలు కూడా ఈ పాయల్లోనే తిరుగుతాయి.

అంటే నడిసముద్రంలో వేసిన వలలో పడిన రొయ్య కూడా ఏదో ఒక మడ కింద పెరిగి ఉండవచ్చు. మడ పోతే వల తేలిక అవుతుంది. ఈ నష్టం మొదట తగిలేది పెద్ద బోట్లవాళ్లకు కాదు. నావ లేకుండా, మోకాలి లోతు బురదలో దిగి చేత్తో పట్టుకునే ఆడవాళ్లకూ పేదవాళ్లకూ మొదట తగులుతుంది.

ఉప్పెనకు అడ్డం

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1839లో వచ్చిన తుఫాను, ఉప్పెన దాన్ని దెబ్బతీశాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో 10,000 మందికి పైగా చనిపోయారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానులో 1,000 మందికి పైగా పోయారు. ఈ తీరంలో చాలా ఇళ్లలో ఇంకా ఈ తేదీలు మరిచిపోలేదు.

మడ అడవి ఉప్పెనను ఆపేస్తుందా? పూర్తిగా ఆపదు. కాని దాని జోరు తగ్గిస్తుంది. దూసుకొచ్చే నీళ్లు వేలాది వేళ్లనూ మొదళ్లనూ ఒరుసుకుంటూ రావాలి. అట్లా వచ్చేసరికి కొంత బలం అడవిలోనే పోతుంది. గాలి తాకిడి కూడా తగ్గుతుంది.

దీనికి రుజువు ఒడిశాలో దొరికింది. 1999 అక్టోబరు 29న అక్కడ పెను తుఫాను వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారు. తర్వాత పరిశోధకులు కేంద్రపడా జిల్లాలో వందలాది పల్లెల లెక్కలు తీశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న పల్లెల్లో చావులు తక్కువ. అడవి పలచబడిన పల్లెల్లో ఎక్కువ. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి.

అదే పరిశోధన ఇంకో మాట కూడా చెప్పింది. మడ కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడింది ముందస్తు హెచ్చరిక. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. మడ అడ్డం ఉంది కదా అని ఇంట్లో కూర్చోకూడదు. ఖాళీ చేయమని చెప్పగానే పిల్లలనూ ముసలివాళ్లనూ తీసుకుని తుఫాను షెల్టరుకు వెళ్లాలి. తలుపుకు గడియ ఉందని దొంగలు తిరిగే రాత్రి కాపలా మానేస్తామా? రెండూ కావాలి.

నరికితే నేల ఏమవుతుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం.

పూర్వం మడ అడవిని కూపులుగా విడగొట్టి, ఒక్కో కూపులో చెట్లన్నీ నరికేవాళ్లు. మళ్లీ పెరుగుతాయిలే అనుకున్నారు. కొన్ని చోట్ల పెరగలేదు.

చెట్టు పోతే నీడ పోతుంది. ఎండ నేరుగా బురద మీద పడుతుంది. తడి ఆరి నేల కుంగుతుంది. మధ్యలో పళ్లెంలాగా గుంట పడుతుంది. పోటు వచ్చినప్పుడు నీళ్లు ఆ గుంటలోకి వస్తాయి. ఆటు వచ్చినా బయటికి పోలేవు. అక్కడే నిలుస్తాయి. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. ఉప్పుమళ్లలో జరిగే పనే ఇక్కడా జరుగుతుంది. చివరికి ఆ నేలలో ఉప్పు ఎంత పెరుగుతుందంటే, ఉప్పును తట్టుకునే మడ కూడా తట్టుకోలేదు.

అందుకే అట్లాంటి చోట ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోతాయి. మొక్కది తప్పు కాదు, నాటిన చేతిదీ కాదు. నీళ్లకు వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు.

గొడ్డలి లేకుండా కూడా మడ చస్తుంది. ఉప్పుటేరుకు అడ్డంగా రోడ్డు వేసి తూము పెట్టకపోతే చస్తుంది. రొయ్యల చెరువు గట్టు వేసి పాయను మూసేస్తే చస్తుంది. పైన నదిలో మంచినీళ్లు తగ్గినా నీరసిస్తుంది. 1990 తర్వాత ఈ తీరంలో రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగాయి. కొన్ని చోట్ల మడ అడవినే చెరువులు చేశారు. 1991లో వచ్చిన తీరప్రాంత నిబంధనలు మడ ఉన్న చోటును అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న తరగతిలో పెట్టాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. చట్టం ఉంది. దాన్ని చదివి అడిగేవాళ్లు ఊళ్లో ఉండాలి.

చేపముల్లు కాలువలు

చెడిపోయిన నేలను బాగుచేసే దారి 1990ల్లో దొరికింది. తమిళనాడులో చిదంబరం దగ్గర పిచ్చావరం మడ అడవి ఉంది. అక్కడ ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, పల్లె జనం కలిసి ఈ పని చేశారు. తర్వాత 1997 నుంచి గోదావరి, కృష్ణా తీరాల్లోనూ చేశారు. తాళ్లరేవు మండలంలోని మట్లపాలెం అట్లాంటి పల్లెల్లో ఒకటి.

చేసిన పని చూడటానికి చిన్నది. చెడిపోయిన నేల మధ్య నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దగ్గర్లోని ఉప్పుటేరులో కలిపారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేపముల్లు లాగా ఉంటుంది. పోటు నీళ్లు వస్తాయి, ప్రతి మూలకూ పాకుతాయి. ఆటుతో తిరిగి పోతాయి. పోతూ పోతూ ఉప్పును కడుక్కుపోతాయి. నేల మెల్లగా మెత్తబడుతుంది.

తర్వాత కాలువల వాలు మీద తెల్లమడ మొక్కలు నాటారు. మరీ పైన నాటితే తడి అందదు. మరీ కింద నాటితే మునిగిపోతుంది. నడిమధ్య నాటాలి. ఎంత లోతు తవ్వాలి, ఎటు వాలు పెట్టాలి అనేది నేల మట్టం కొలిచి తేల్చాలి. ఎవరికి తోచినట్టు వాళ్లు తవ్వితే ఉన్న మడ కూడా పోవచ్చు. అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

నీళ్లు ఎటు వస్తాయో, ఎటు పోతాయో పల్లెవాళ్లకు బాగా తెలుసు. ఇంజినీరు కొలత, బెస్తవాడి అనుభవం కలిస్తేనే కాలువ సరిగ్గా పడుతుంది.

పొయ్యి సంగతి ఏమిటి?

మడను నరకొద్దు అని చెప్పడం తేలిక. పొయ్యిలోకి ఏం పెట్టాలి అని ఆడవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పకుండా కాపలావాడిని పెడితే అడవి నిలవదు. పగలు కాపలా ఉంటే రాత్రి కొడతారు.

అందుకే కాలువ తవ్వడంతో పని అయిపోదు. ఊరి పోరంబోకులో సరుగుడు వేసుకోవచ్చు. పొగ తక్కువ, కట్టె తక్కువ పట్టే పొయ్యిలు పెట్టుకోవచ్చు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. అయితే సిలిండరు కొనే డబ్బు చేతిలో లేని నెలలో మళ్లీ కత్తి అడవికే పోతుంది. పొదుపు సంఘాలు ఈ సంగతి మాట్లాడుకోవాలి. పశువుల సంగతి కూడా అంతే. లేత మడ ఆకు గేదెలకు ఇష్టం. కొత్తగా నాటిన చోట కొన్నేళ్లపాటు మేత ఆపాలి. ఆ మేత ఇంకెక్కడ దొరుకుతుందో ముందే చూసుకోవాలి.

వన సంరక్షణ సమితుల్లో ఇంటికి ఒక మగవాళ్లు, ఒక ఆడవాళ్లు సభ్యులుగా ఉండాలన్న నియమం పెట్టింది ఇందుకే. కట్టె తెచ్చేది ఆడవాళ్లయితే, తీర్మానం చేసేది మగవాళ్లు ఒక్కరే ఎట్లా అవుతారు?

ఇంకొక మాట. కాలువ తవ్విన ఏడాది అందరూ వస్తారు. ఫొటోలు తీస్తారు. ఆ తర్వాత కాలువ ఒండ్రుతో పూడుతుంది. పూడిక తీసేవాళ్లు లేకపోతే నీళ్లు మళ్లీ నిలుస్తాయి, ఉప్పు మళ్లీ పేరుకుంటుంది. పెంచిన చెట్టు కళ్లముందే ఎండుతుంది. పథకానికి గడువు ఉంటుంది. మడకు గడువు లేదు. పూడిక తీసే పని ఎవరిది, డబ్బు ఎక్కడిది అని మొదటి రోజే తేల్చుకుని రాసుకోవాలి.

ఇక్కడే చదువు పనికొస్తుంది. సమితి పుస్తకంలో ఏం రాశారో చదవండి. ఎంత డబ్బు వచ్చిందో, ఎంత ఖర్చయిందో అంకెలు కూడి చూడండి. తీర్మానం చదివిన తర్వాతే సంతకం పెట్టండి. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చెయ్యి ఇవాళ ప్రశ్న రాయగలదు.

మొక్క నాటే ముందు నీళ్లకు దారి చూడండి. నీళ్లకు దారి చూసే ముందు ఊరంతా ఒకచోట కూర్చోండి. ఊరు ఒక్కమాట మీద ఉంటే నీళ్లు కదులుతాయి. నీళ్లు కదిలితే మడ దానంతట అదే లేస్తుంది.



ఆలోచించండి – చర్చించండి

1. మీ ఊరి దగ్గర మడ ఎండిపోయిన చోటు ఉందా? అక్కడ పోటు నీళ్లు తిరిగి పోతున్నాయా, నిలుస్తున్నాయా?

2. ఉప్పుటేరుకు అడ్డంగా గట్టు గాని రోడ్డు గాని ఉందా? దానికి తూము ఉందా?

3. మీ ఊళ్లో ఎన్ని ఇళ్లవాళ్లు ఇంకా మడ కట్టెతో వండుతున్నారు? వాళ్లకు ఏ సాయం కావాలి?

4. తుఫాను హెచ్చరిక వస్తే మీ ఇంటివాళ్లు ఎక్కడికి, ఏ దారిన వెళ్లాలి? కాగితం మీద రాసి గోడకు అంటించండి.