నూనెమడ్డియు ఇంధనవాయువును
(తిరుపతి యందలి యొక పఠనమందిరమున మే మొనర్చిన యుపన్యాసము)



మేము న్యాయవాదులము, రసాయనశాస్త్రజ్ఞులము కాము. కాని సాక్ష్యమును తూచి చూచుట మాకు నిత్యకృత్యము గావున ఈనాటి విషయమును ఆ దృష్టితోనే తమ యెదుట నుంచుచున్నాము.

1900 సంవత్సరమున పారిస్ ప్రదర్శనము నందు డీజిల్ యంత్ర మొకటి వేరుసెనగ నూనెతో నడిచినది. మన చిత్తూరుసీమ మెట్టచేల పంటయే ఆ యంత్రమున కాహార మయ్యెను! నేరుగ పోసిన నూనె యంత్రమును మసిపట్టించును గావున, నేడు దానిని మిథనాలుతోను స్వల్పముగ క్షారముతోను కలిపి పలుచని బయోడీజిలుగా మార్చుచున్నారు. ఆ నూనె కానుగది కావచ్చును. హోటళ్లలో పూరీలును బోండాలును వేగి వేగి నల్లబడినదియు కావచ్చును. పలుమారులు కాగిన నూనెలో ధ్రువసంయోగములు నూటికి 25 పాళ్లు మించినచో తినుటకు తగదని కేంద్ర ఆహారభద్రతాసంస్థ నిర్ణయించి, 2018 నుండి దానిని బయోడీజిలునకు మళ్లించుటను ప్రోత్సహించుచున్నది. యాత్రికులు నిత్యము వేలకొలదిగ భుజించు ఈ పట్టణమున అట్టి నూనెకు కొరత యుండునా? అది మరల వీధిబండి బాణలిలోనికి పోవుటకంటె యంత్రములోనికి పోవుట మేలని వాదింప నక్కరలేదు.

చిక్కంతయు ఆ పిమ్మటనే యున్నది. నూరు కిలోల నూనెకు సుమారు పది కిలోల గ్లిసరిన్ మిగులును. శుద్ధమైనది సబ్బులకును మందులకును పనికివచ్చును; ఇది మిథనాలు, సబ్బు, లవణములు, నీరు కలిసిన గోధుమరంగు మడ్డి. ఐరోపా, అమెరికా ఖండములలో బయోడీజిలు కర్మాగారములు ప్రబలినపుడు గ్లిసరిన్ వెల కుప్పగూలినది. శుద్ధి చేయు ఖర్చు చిన్న కర్మాగారమునకు గిట్టదు. చెరువులో విడిచినచో నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును.

ఈ మడ్డిని 600 మొదలు 800 డిగ్రీల వేడిలో నీటియావిరితో గూర్చి లోహపు ఉత్ప్రేరకము మీదుగా నడపినచో ఉదజనియు, బొగ్గుపులుసు గాలి మొదలగునవియు వెడలును. లెక్క ప్రకారము కిలో గ్లిసరిన్‌నకు 150 గ్రాముల ఉదజని రావలెను. ఆచరణమున అంత రాదు. ప్లాటినం వంటి ప్రియమైన లోహములు ఈ పని చక్కగ చేయును. కాని వానిని కొనువా రెవరు? నికెల్ చవుక. వనస్పతి చేయువారు నూనెలో ఉదజనిని చొప్పించినది దీనితోనే. ఈ లోహము గుణమును వెల్లడించిన ఫ్రెంచి పండితుడు పాల్ సబాటియే 1912లో నోబెలు బహుమానము నందెను. నాడు ఉదజనిని నూనెలోనికి దూర్చిన నికెలే ఇచట దానిని మడ్డినుండి వెడలించుచున్నది.

దానికిని దోషము కలదు. కొంతసేపటికి నికెలుపై మసి పేరుకొనును. మడ్డిలోని లవణములును దానిని చెరచును. సీరియం, లాంథనం ధాతువుల ఆక్సైడులను కొద్దిగ చేర్చినచో మసి తగ్గునని పరీక్షలలో తేలినది. ఆ ధాతువులు మన భీమునిపట్నపు తీరపు ఇసుకలోని మోనజైటు నందు కలవు. నికెలును నిలుపు పీఠముగ ఊకబూడిద యందలి సిలికాను వాడి చూచినవారును కలరు.

అంతమాత్రమున బంగారము కురియునని మేము చెప్పము. 2003లో ప్రణాళికాసంఘపు సమితి అడవియాముదమును విరివిగ నాటవలెనని సిఫారసు చేసినది. నమ్మి నాటిన మెట్టరైతులకు చెప్పినంత కాపు రాలేదు. ఆ గుణపాఠము మరచితిమేని రైతు మనల నమ్మడు. ఈ వాయుయంత్రమునకు వేడి కావలెను; వచ్చిన వాయువులో కొంత ఆ వేడికే వ్యయమగును. కావున ఉదజనితో బండ్లు నడపు మాట తరువాత. మొదట ఈ వాయువు ఆ కర్మాగారపు బాయిలరు క్రింద కట్టెలకు మారుగ మండిన చాలును.

1954 నుండి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 2015 నుండి ఐఐటియు, ఐసరును మన తిరుపతి యందే యున్నవి. వారిని మేము కోరునది యొక్కటే: పరీక్షకు అంగడిలోని శుద్ధ గ్లిసరిన్ గాక కర్మాగారపు మడ్డినే తెచ్చి, గంటలు గాదు, వారములు నడిపి, నికెలు ఎన్నాళ్లు నిలిచినదో తెలుగున ప్రకటింపవలెను. ఈలోగా ఏ హోటలునుండి నెలకెన్ని డబ్బాల నూనె వచ్చునో నగరపాలకసంస్థవారు లెక్క తీయింతురు గాక.