బిడ్డ వచ్చినంక మా ఇల్లు
(మన బడి స్వర్ణోత్సవ సభలో 1994 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, ఒక తహసీల్దారు గారున్నారు. నేను ఇల్లు చూసుకునే మనిషిని. సంఘం వాళ్లు ఫోను చేసి "నువ్వు గూడ పది నిమిషాలు మాట్లాడాలె" అంటే "నేనేం మాట్లాడుత?" అన్నాను. "మీ బిడ్డ గురించి చెప్పు. మనోళ్లలో ఇద్దరు ముగ్గురు అదే ఆలోచనల ఉన్నరు, అడగనీకె మొగమాటపడుతున్నరు" అన్నారు. ఆ ఇద్దరు ముగ్గురు ఎవరో నాకు తెలియదు. వాళ్లు ఈ కుర్చీల్లోనే ఎక్కడో కూర్చొని ఉన్నారనుకొని మాట్లాడుతాను.

ముందే ఒక మాట చెప్తాను. మా బిడ్డ మా ఇంటికి రాకముందు ఏం జరిగింది, ఎవరు కన్నారు, ఎక్కడ దొరికింది అనేవి నేను చెప్పను. బంధువులు అడిగినా చెప్పలేదు. అది ఆమె సొంత ముచ్చట, చెప్పుకోవాలో వద్దో పెద్దయ్యాక ఆమే చూసుకుంటుంది. పేరు కూడా చెప్పను. ఈ సంచిక మా ఇంట్లో ఉంటుంది, రేపు ఆమె చదువుతుంది కదా.

నా పెళ్లయి మంచిర్యాలకు వెళ్లింది 2000లో. మా ఆయన సింగరేణి ఉద్యోగి. పిల్లలు కాలేదు. ఆ పదిహేడు, పద్దెనిమిదేళ్ల సంగతి ఇప్పుడు తవ్వను. కరీంనగర్, హైదరాబాద్ ఆస్పత్రుల మెట్లు ఎక్కి దిగినవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు, ఎక్కనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

మన దిక్కు సాదుకునుడు కొత్త కాదు. అన్న కొడుకునో, అక్క బిడ్డనో తెచ్చుకొని పెంచుకున్న ఇండ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. మా యారాలు కూడా "నా చిన్నోన్ని మీరే సాదుకోండ్రి" అన్నది, మంచి మనసుతోనే అన్నది. కానీ ఒకే వాకిట్లో ఒక పిల్లవానికి ఇద్దరు తల్లులుంటే, వానికి జ్వరం వచ్చిన రాత్రి ఎవరి ఒళ్లోకి పోవాలి? నాకు ధైర్యం చాలలేదు. ఇంకో పెద్దమనిషి వచ్చి, ఒక ప్రైవేటు ఆస్పత్రి పేరు చెప్పి "పైసలు సర్దుకుంటే పసిగుడ్డు దొరుకుతది, కాయితాలు నేను చూసుకుంట" అన్నాడు. మా ఆయన చాయ్ కూడా పోయించకుండా పంపించాడు. ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. పిల్లల్ని కొనడం, అమ్మడం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం. అయిదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. జైలు సంగతి పక్కన పెట్టినా, అట్లా తెచ్చుకున్న బిడ్డను ఎప్పుడు ఎవరు వచ్చి తీసుకుపోతారోనని బతుకంతా తలుపు చప్పుడుకు ఉలికిపడాల్సిందే.

మేం 2019 నవంబరులో దరఖాస్తు పెట్టాం. దేశమంతటికీ కారా అనే ఒకే కేంద్ర సంస్థ ఉంది, దాని పోర్టల్‌లోనే నమోదు. మా ఇద్దరి వయసు కలిపితే అప్పటికి 85. దంపతుల వయసు కలిపి లెక్కేస్తారు. వయసు పెరిగినకొద్దీ పసిపిల్లలు రారు, పెద్ద పిల్లలే వస్తారు. ఇప్పుడున్న నియమాల్లో రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే ఆ మొత్తం 85 దాటొద్దు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90. అందుకే ఆలోచిస్తున్నవాళ్లు ఆలోచిస్తూనే ఏళ్లు గడపొద్దని చెప్తున్నాను. దేశంలో వరుసలో ఉన్న తల్లిదండ్రులు 30 వేలకు పైనే ఉంటే, ఏడాదికి జరిగే దత్తతలు నాలుగైదు వేలు. అందులోనూ ఆడపిల్లలే ఎక్కువ. ఒకప్పటి హిందూ సంప్రదాయంలో దత్తత అంటే కొడుకే, 1956 చట్టం వచ్చాకనే బిడ్డను కూడా దత్తు తీసుకునే హక్కు రాతలోకి ఎక్కింది. ఇప్పుడు జనమే బిడ్డ కావాలని అడుగుతున్నారు.

ఇల్లు చూడడానికి ఒక సోషల్ వర్కర్ అమ్మాయి వచ్చింది. నేను రెండు రోజులు ఇల్లంతా కడిగి పెట్టాను. ఆమె షోకేసు వైపు చూడనే లేదు. నీళ్ల సంపు మీద మూత ఉందా, మా ఆయన నైట్ షిఫ్టుకు పోతే ఇంట్లో ఎవరుంటారు, నాకు కోపం వస్తే ఏం చేస్తాను అని అడిగింది. చివరికి మా అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకొని "మీకు ఇష్టమేనా?" అన్నది. అత్తమ్మ దాచే మనిషి కాదు. "ఏ కులమో ఏ గోత్రమో తెల్వకుంట ఎట్ల తెస్తరు బిడ్డా అంటే వీళ్లు ఇంటలేరు" అని అన్నది. ఇక మాకు రాదనుకున్నాం. ఆ అమ్మాయి మాత్రం నవ్వి రాసుకున్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన ముసలామె ఉన్న ఇల్లు నయం అనుకుందేమో.

తర్వాత కరోనా. మూడేళ్లు ఫోను వైపు చూడడమే పని. 2022 డిసెంబరులో ఫొటో, ఆరోగ్య నివేదిక వచ్చాయి. ఒప్పుకునేది లేనిది 48 గంటల్లో చెప్పాలి. మా ఆయన 48 నిమిషాలు కూడా ఆగలేదు.

రెండేళ్ల నాలుగు నెలల పిల్ల. తొమ్మిదిన్నర కిలోలు. శిశుగృహ నుంచి కారులో తీసుకొచ్చేటప్పుడు ఒక్క చుక్క కన్నీరు లేదు. గోదావరి వంతెన మీదికి వచ్చాక కిటికీ మీద వేలు పెట్టి "పానీ" అన్నది. అక్కడి ఆయాలు ఆ మాట వాడేవాళ్లు కాబోలు. మా ఇంట్లో ఇప్పటికీ నీళ్లు పానీయే, అత్తమ్మతో సహా.

ఇంటికి వచ్చినంక ఎట్లుంటుందో ఏ ఫారంలోనూ రాసి ఉండదు, కాబట్టి అది కొంచెం నిదానంగా చెప్తాను.

మొదటిది తిండి. తల్లె ముందు పెట్టగానే దాని చుట్టూ రెండు చేతులు అడ్డం పెట్టి, తల ఎత్తకుండా తినేది. కరీంనగర్ కారం నాలుక మీద పెట్టలేదు, కానీ పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగేది. రెండో వారంలో దిండు కింద చీమలు. చూస్తే సగం చపాతీ, రెండు బిస్కెట్లు, ఎండిన బువ్వ ముద్ద. అత్తమ్మ తిట్టబోతే ఆపాను. పిల్లల డాక్టరు గారు చెప్పారు, "తీయకండి, తిట్టకండి, ఆమె చేతికి అందేటట్టు ఒక డబ్బా పెట్టండి, అది ఎప్పుడూ ఖాళీ కావద్దు" అని. వంటింట్లో కింది అరలో స్టీలు డబ్బా పెట్టి పేలాలు, పల్లీ పట్టీలు, బిస్కెట్లు పోశాను. రోజుకు ఇరవై సార్లు మూత తీసి చూసేది, తినడానికి కాదు, ఉన్నాయా లేవా అని. నాలుగు నెలలకు దాన్ని చూడడం మరిచిపోయింది. అంగన్‌వాడీ టీచరు బాలామృతం ప్యాకెట్టు ఇచ్చేది, దాంట్లో నెయ్యి వేసి ఉండలు చేసేదాన్ని. ఏడాదికి పదమూడు కిలోలయింది.

స్నానానికి నేను పిలవకముందే తువ్వాల పట్టుకొని బాత్రూం తలుపు దగ్గర గోడకానుకొని నిలబడేది. వరుసలో అన్నట్టు. ఆ వరుసలో ఆమె ఒక్కతే. అది చూసి నేను చాలాసార్లు వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకొని వచ్చేదాన్ని.

రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. పది మంది పిల్లల మధ్య, దీపం వెలుగులో పడుకోవడం అలవాటైన బిడ్డకు మా అర్ర చీకటీ నిశ్శబ్దమూ కొత్త. నడిరాత్రి నాకు మెలకువ వస్తే మంచం మీద కూర్చొని ఉండేది. ఏడ్చేది కాదు. వాడకట్టు వాళ్లు "ఎంత బుద్ధిమంతురాలో, ఏడుపే లేదు" అని మెచ్చుకునేవాళ్లు. నాకు ఆ మెప్పు నచ్చలేదు. ఏడిస్తే ఎవరో వస్తారన్న నమ్మకం ఉంటేనే పిల్లలు ఏడుస్తారు. వంటింటి దీపం ఆర్పకుండా ఉంచాం. అత్తమ్మ తన నులక మంచం మా అర్రలోకే తెచ్చుకున్నది. ఆమె గురక బిడ్డకు తోడయింది, నాకే నిద్ర లేకుండా పోయింది. రెండో నెలలో వాకిట్లో పడి మోకాలు గీరుకుపోయింది. చుట్టూ చూసి, నన్ను వెతుక్కుంటూ వచ్చి, నా చీర పట్టుకొని గట్టిగా ఏడ్చింది. అత్తమ్మ లోపలి నుంచి "ఏడ్సిందా? ఇగ ఇంటి పిల్ల అయింది తియ్యి" అన్నది.

మగవాళ్లంటే బెదిరేది. పెంచినవాళ్లంతా ఆడవాళ్లే కదా. మా ఆయన డ్యూటీ దిగి గడపలోకి రాగానే బల్ల కిందికి పోయేది. పాపం, మూడేళ్లు ఎదురుచూసిన మనిషి. ఎత్తుకోబోలేదు, పిలవలేదు. రోజూ దూరంగా నేల మీద కూర్చొని పల్లికాయలు వలిచి, గింజలు పక్కన కుప్ప పెట్టేవాడు. మొదట అతను లేచిపోయాక వచ్చి తీసుకునేది. తర్వాత అతనుండగానే. మూడు వారాలకు తానే ఒక పల్లికాయ తెచ్చి అతని చేతిలో పెట్టి, వలవమన్నట్టు చూసింది. "బాపు" అనే పిలుపు అత్తమ్మ నేర్పింది. మా వాడలో పిల్లలందరూ డాడీ అంటారు, మా ఇంట్లో మాత్రం బాపు.

మరుసటి ఫిబ్రవరిలో వేములవాడ పోయాం. పుట్టెంట్రుకలు ఎన్నడో పోయి ఉంటాయి, శిశుగృహలో పేలకు గుండు చేస్తారు. "ఉన్న ఎంట్రుకలే రాజన్నకిద్దాం" అని అత్తమ్మే తేల్చింది. కోడెను కట్టేటప్పుడు గోత్రం అడిగితే నేనూ మా ఆయనా నోరు విప్పేలోగా అత్తమ్మ తమ గోత్రం గట్టిగా చెప్పింది. సోషల్ వర్కరుకు కులం మాట చెప్పిన మనిషి ఆమే. మేం ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

కాగితాల సంగతి. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు కాకుండా జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. మాకు అట్లాగే వచ్చింది. ఆ ఉత్తర్వు తేదీ నుంచి బిడ్డ అన్ని విధాలా మా బిడ్డే, వారసత్వంతో సహా. పుట్టిన సర్టిఫికెట్ కూడా మా పేర్లతో వచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా దగ్గరి చుట్టమొకాయన ఒకనాడు భోజనం చేస్తూ "మరి ఊళ్లె రెండెకరాలు?" అన్నాడు. బిడ్డ పక్కనే ఉన్నది. మా ఆయన లేచి ఉత్తర్వు కాపీ తెచ్చి తల్లె పక్కన పెట్టాడు. ఆ ముచ్చట మళ్లీ రాలేదు, ఆ చుట్టం రాకపోకలూ తగ్గాయి. మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి అధికారులు ఇంటికి వచ్చి చూశారు. కొందరు దాన్ని తనిఖీ అనుకొని విసుక్కుంటారు. నాకైతే అడగాల్సినవన్నీ అడగడానికి మనిషి దొరికినట్టుండేది.

దాచాలా చెప్పాలా అని చాలామంది అడుగుతారు. మేం మూడేళ్ల వయసు నుంచే చెప్తున్నాం. రాత్రి కథలాగా, "నువ్వు నా కడుపుల నుంచి రాలేదు, కారుల వచ్చినవు, గోదారి దాటినం, నువ్వు పానీ అన్నవు" అని. "గోదారి కథ చెప్పు" అని తానే అడుగుతుంది. మొన్నటి బతుకమ్మకు గునుగు పూలు కడుతుంటే, పక్కింటామె బిడ్డ వినేటట్టే "సొంత బిడ్డ లెక్కనే సూసుకుంటవమ్మా" అన్నది. మంచిగానే అన్నది. బిడ్డ తంగేడు కొమ్మ తుంచుకుంటూ "నేను గోదారి దాటి వచ్చిన" అని చెప్పింది, అదేదో గొప్ప అన్నట్టు. ఆ మాట ఆమెకు వేరేవాళ్ల నోట, వేరే తీరుగా తెలిసి ఉంటే ఎట్లుండేదో నేను ఊహించుకోదలచుకోలేదు.

ఈ ఏడు ఇంకో ప్రశ్న మొదలైంది. "నన్ను కన్న అమ్మ ఎక్కడుంది?" నాకు తెల్వది బిడ్డా అంటాను. అది నిజమే. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి తానే దరఖాస్తు పెట్టుకోవచ్చని నియమాల్లో ఉంది. అందుకే ప్రతి కాగితం, శిశుగృహ నుంచి వేసుకొచ్చిన పచ్చ అంగితో సహా, బీరువాలో ఒక సంచిలో పెట్టాను. మా ఆయన "అప్పుడు మనమే తోడుపోదాం" అంటాడు. నాకు మాత్రం ఆ రోజు తలుచుకుంటే గుండెల్లో కొంచెం బరువుగానే ఉంటుంది. లేదంటే అబద్ధమవుతుంది. అయినా ఆ సంచి తాళం ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు.

నాకిచ్చిన పది నిమిషాలు ఎప్పుడో దాటాయి, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. అడగాలనుకున్న ఆ ఇద్దరు ముగ్గురికి: భోజనాలప్పుడు నేను వేపచెట్టు కింద ఉంటాను, సందు చూసుకొని రండి. నాతో మాట్లాడడానికి మొగమాటమైతే మా అత్తమ్మ కూడా వచ్చింది, అదిగో మూడో వరుసలో, ఒళ్లో పిల్లను కూర్చోబెట్టుకొని మురుకులు తినిపిస్తున్నది. ఆమెను అడగండి, నాకంటే ఎక్కువే చెప్తుంది.