మనవాళ్ల ముఖాలకు మొదటి కెమెరా



మనుషుల ఫొటోలు తీయాలంటే మొదట ఏ కెమెరా కొనాలని మీలో చాలామంది అడుగుతున్నారు. అది చెప్పేముందు ఒక పాత పుస్తకం మాట. థర్‌స్టన్, రంగాచారి కలిసి 1909లో దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు వేశారు. మన యానాదుల సంగతి ఏడో దాంట్లో ఉంది. ఆ సంపుటాల్లో బొమ్మల కింద ఎక్కువగా తెగ పేరే కనిపిస్తుంది, మనిషి పేరు ఉండదు. ముక్కు కొలతలు మాత్రం వేశారు! ఇవాళ్టికీ మన అవ్వాతాతల్లో ఎంతోమందికి ఆధార్ కార్డు మీది ఫొటో తప్ప ఇంకోటి లేదు. వాళ్లుండగానే తీయాలి. కాబట్టి కెమెరా కొనేదాకా ఆగొద్దు, చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెట్టండి. ముఖానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదిగా వస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి, రెండింతల జూమ్ పెట్టండి.

కొనగలిగితే, కొత్త బాడీ మీద డబ్బంతా పోయకండి. సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ చాలు, మిగిలింది లెన్సుకు పెట్టండి. 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు ముఖాలకు మంచిది. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు. దాంతో పోలిస్తే 1.8కి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు వస్తుంది. గుడిసె లోపల ఫ్లాష్ లేకుండా తీయడానికి అదే ఆధారం. నికాన్ డీ3000 వరుస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. ‘ఏఎఫ్-ఎస్’ అని రాసిన లెన్సే తీసుకోండి, లేకపోతే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

పాత లెన్సు కొనేటప్పుడు వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడులా కనబడితే అది ఫంగస్. ఎంత చౌకైనా వద్దు. మన తీరంలో తేమకు అది తొందరగా పడుతుంది. గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. మైపాడు ఇసుకలో నిలబడి లెన్సు మార్చడం లాంటి పని ఎప్పుడూ చేయొద్దు.

లైట్లు ఇప్పుడే వద్దు. రొయ్యల పెట్టె తెల్ల థర్మోకోల్ మూత కడిగి పెట్టుకుంటే రిఫ్లెక్టర్. మనిషిని గుమ్మం నీడలో కూర్చోబెట్టి, వెలుగు అటునుంచి కొట్టించండి. వెనక ఇసుక, ఆకాశం తెల్లగా ఉంటే కెమెరా మోసపోయి మన నల్లటి ముఖాన్ని ఇంకా నల్లగా చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటికి పెంచండి. ఫిల్టర్ పెట్టి తెల్లగా చేసే పని మాత్రం మాకు నచ్చదు.

తీసేముందు అవ్వను అడగండి. వద్దంటే వద్దు. తీశాక సూళ్లూరుపేటలోనో నెల్లూరులోనో ప్రింటు వేయించి, వెనక ఆమె పేరు, ఊరు, తేదీ రాసి ఆమె చేతికే ఇవ్వండి.