ఎనిమిదేండ్లు రాయిలా: డ్రాగన్ క్వెస్ట్ 5

డ్యూటీ దిగి రూములో పండుకొని వింటున్న అన్నలకు, తమ్ముళ్లకు ఈ వారం ఒక పాత ఆట: డ్రాగన్ క్వెస్ట్ 5. 1992లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ మీద వచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో కూడా దొరుకుతది, ఒంటిచేత్తో ఆడుకోవచ్చు. కథ చాలావరకు చెప్పేస్తున్న, ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపండి.

ఇందులో హీరో చిన్నప్పుడు నాన్న వెంట తిరుగుతాడు. పెద్దయి పెళ్లి చేసుకుంటాడు, కవలలు పుడతారు. ఆ తర్వాత కొన్నాళ్లకే శత్రువులు అతన్నీ, భార్యనీ రాళ్లుగా మార్చేస్తారు. అతని విగ్రహాన్ని ఎవరో కొనుక్కుపోయి ఇంటి ముందు పెట్టుకుంటారు. కాలాలు మారుతుంటాయి. ఆ ఇంటి పిల్లాడు మన కండ్ల ముందే పెరుగుతుంటాడు. మనం చేసేదేమీ ఉండదు, చూడడమే. అట్ల ఎనిమిదేండ్లు.

అక్కడ నేను ఫోన్ పక్కన పెట్టేసిన. పోయినసారి సెలవు మీద ఇంటికి పోతే నా బిడ్డ వాళ్లమ్మ కొంగు చాటుకు పోయింది. వీడియో కాల్‌లో రోజూ డాడీ, డాడీ అనే పిల్లే.

ఆటలో ఆ కవలలే వెతుక్కుంటూ వచ్చి నాన్నను మళ్లీ మనిషిని చేస్తారు. తండ్రి వాడలేని కత్తి కొడుకు చేతికి వస్తది. అసలు వీరుడు వాడే, మనం కాదు.

ఫైటింగులు పాత పద్ధతే. అడుగడుగునా వస్తయి, విసుగు పుడుతది. కానీ ఓడిన రాక్షసుల్లో కొందరు మనతోనే వస్తమంటారు, అది మజా.

ఆ పిల్లలు నాన్నతో కలిసిపోవడం ఆటలో కొన్ని నిమిషాల పని. మా ఇంట్లో పది రోజులు పట్టింది. మీకెన్ని రోజులు పట్టిందో చెప్పండి.